ఉప్పు చల్లితే కలుపు పోతుందా?

ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. స్ప్రే బాటిల్‌లో వెనిగర్, గుప్పెడు ఉప్పు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. పెరట్లో పిచ్చిమొక్కల మీద కొడితే సాయంత్రానికల్లా ఆకులు మాడిపోతాయి. ‘కెమికల్స్ లేకుండా కలుపు మాయం’ అని క్యాప్షన్!

మీది మచిలీపట్నమో, నాగాయలంకో, కోడూరో అయితే మాత్రం దాన్ని చూసి వదిలేయండి. సముద్రం పక్కనున్న మన నేలల్లో ఉప్పు అసలే ఎక్కువ. దానికి ఇంకో గుప్పెడు తోడైతే కలుపుతో పాటు గోంగూర, మల్లె కూడా పోతాయి. పోనీ కలుపైనా చస్తుందా అంటే, తుంగకి పైన ఆకు మాడినా కింద గడ్డ బతికే ఉంటుంది. కొన్నాళ్లకే మళ్లీ మొలక!

మరి గడ్డిమందు?

ఎక్కువగా వినిపించే పేరు గ్లైఫోసేట్. ఇది క్యాన్సర్ కారకం కావచ్చని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది. దీనిపై వాదనలు ఇంకా నడుస్తున్నాయి. మన కేంద్ర ప్రభుత్వం మాత్రం 2022 అక్టోబరులో, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ దీన్ని కొట్టకూడదని ఆంక్ష పెట్టింది. పిల్లలు ఆడుకునే, కూరగాయలు కోసుకునే పెరట్లో ఆ రిస్కు మనకెందుకు?

పదును చూసి పీకండి

గుడివాడ వైపు నల్లమట్టి ఎండితే రాయిలా బిగుస్తుంది. అప్పుడు పీకితే మొక్క తెగి, వేరు లోపలే ఉండిపోతుంది. వాన పడిన మర్నాడు, మట్టి పదును మీద ఉన్నప్పుడు పట్టుకుంటే వేరుతో సహా వచ్చేస్తుంది. పూత రాకముందే పీకడం ముఖ్యం. గింజ రాలిందా, వచ్చే ఏడాది పనీ మనకే.

తుంగకి ఎండే మందు

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండని వాడుకోండి. గునపంతో జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, రోజుల తరబడి ఎండనివ్వండి. ఎండితే చస్తాయి. మిగిలినవి వానలకి మొలిస్తే, మొలిచినప్పుడల్లా తీసేయండి. గడ్డలో దాచుకున్న బలం అయిపోయేదాకా వదలొద్దు. గరికా అంతే, తీగ ప్రతి కణుపు దగ్గరా వేళ్లూనుతుంది. ముక్క కూడా మిగలకుండా లాగేయండి. చవితి నాడు వినాయకుడికి రెండు పోచలు చాలు!

నేలని ఖాళీగా ఉంచొద్దు

దివిసీమలో వరిగడ్డికి కొదవా? గింజలు రాలేలా దులిపి, మొక్కల మధ్య నాలుగు వేళ్ల మందాన పరవండి. వెలుతురు తగలక కలుపు గింజలు చాలావరకు మొలవవు, తేమ కూడా నిలుస్తుంది. మొక్క మొదలు చుట్టూ కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే కుళ్లుతుంది. కాలువల్లోంచి తీసిన గుర్రపుడెక్క కూడా పనికొస్తుంది. పూర్తిగా ఎండాకే వాడండి. సిమెంటు పగుళ్లలో మొలిచే లేత మొక్కలకైతే మరిగే నీళ్లు చాలు.

వయ్యారిభామతో జాగ్రత్త

తెల్లటి చిన్న పూలతో ముద్దుగా ఉంటుంది గానీ, కొందరికి దురద, ఆయాసం తెప్పిస్తుంది. గ్లౌజులు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. దీన్ని తినే పెంకు పురుగుల్ని మెక్సికో నుంచి బెంగళూరుకి తెప్పించారంటే, ఎంత మొండిదో చూడండి.

కొన్ని పప్పులోకి!

పీకిన ప్రతిదీ చెత్త కాదు. గంగపాయల కూర, పొన్నగంటి కూర అమ్మమ్మలు పప్పులో వేసేవే. పెద్దవాళ్లకి చూపించి, గుర్తుపట్టాకే వండండి. మందు కొట్టిన చోటువి మాత్రం వద్దు.

ఒక్క రోజులో మాయమయ్యే చిట్కా ఇందులో ఏదీ లేదు. రోజూ ఓ పది నిమిషాలు ఫోన్ పక్కనపెట్టి పెరట్లోకి వెళితే చాలు. రెండు సీజన్లలో తేడా మీకే కనిపిస్తుంది. అప్పుడు రీల్ మీరే చేయొచ్చు!