ఇంటనే వెండితెర

ఆరాంఘర్ అను పేరులోనే విశ్రాంతి ఉన్నది. కాని ఒకవైపు బెంగుళూరు రహదారి, మరొకవైపు మెహిదీపట్నమునుండి వచ్చి 2009లో ఇచ్చట దిగిన పి.వి. నరసింహారావు వంతెనదారి, చెంతనే కాటేదాను కర్మాగారములు; వీని నడుమ నివసించువారికి ఇంటిల్లిపాదీ కూడి కూర్చుండు సాయంకాలము దొరకుటయే అపురూపము. ఆ ఒక్క సాయంకాలమును సినిమాకు వెచ్చింపదలచిన ఎంత ఖర్చగునో ముందుగా లెక్కవేసి చూతము.

తెలంగాణ ప్రభుత్వము 2021 డిసెంబరులో చేసిన నిర్ణయము ప్రకారము మల్టీప్లెక్సులలో సాధారణాసనమునకు గరిష్ఠ ధర 250 రూపాయలు; పన్ను వేరు. ఐదుగురికి 1,250 రూపాయలు. దానిపై జీఎస్టీ నూటికి 18 చొప్పున 225. వెరసి 1,475 రూపాయలు. నెలకు రెండుమార్లు వెళ్లినచో 2,950. చిరుతిండ్లు ఇందులో చేరలేదు. స్త్రీలకు 2023 డిసెంబరునుండి ఆర్టీసీ సాధారణ బస్సులలో ప్రయాణము ఉచితమే అయినను, రెండవ ఆట ముగిసినపిమ్మట ఆటోయే దిక్కగును.

ఇంటనే సినిమా చూచుట మనకు క్రొత్త కాదు. ఒకప్పుడు ఆకాశవాణి ప్రసారము చేసిన సంక్షిప్త శబ్దచిత్రముతో మన తల్లులు వంట చేయుచునే సినిమాను చెవులతో చూచిరి. తరువాత దూరదర్శన్ వారమున కొక చిత్రమును ముంగిటికి తెచ్చినది. టీవీ గల ఇల్లు ఆనాడు వాడకెల్ల సినిమాహాలే. చాప పరచిన చోటెల్ల ఆసనమే.

నేడు సాధనములు పెరిగినవి. వానితోపాటు ఉచ్చులును పెరిగినవి. నాలుగు ఓటీటీలకు చందా కట్టి ఒక్కటియు చూడనివాడు ఆదా చేసినట్లు కాదు. ఒక నెల ఒకదానికి మాత్రమే కట్టి, చూడదలచినవి చూచి, ఆపివేసి, మరుసటి నెల మరొకదానికి మారుట మేలు. పాత తెలుగు చిత్రములనేకము హక్కుదారులే యూట్యూబులో ఉచితముగా ఉంచినారు. నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీడిష్ ఉండనే ఉన్నది.

ప్రొజెక్టరు కొనవలెనా యని అడుగువారు కలరు. వెలుతురు స్వభావము నెరిగి కొనవలెను. ప్రొజెక్టరును గోడకు రెండింతల దూరము జరిపినచో బొమ్మ నిడివిలోను ఎత్తులోను రెండింతలగును, వైశాల్యము నాలుగింతలగును, కావున వెలుగు నాలుగవ వంతుకు తగ్గును. చిన్న యంత్రముతో గోడనంతయు నింపబూనిన మిగులునది మసకయే. తెల్లని దుప్పటిని ముడుతలు లేకుండ బిగించి, దీపములార్పి, మితమైన బొమ్మతో తృప్తి పడుట ఉత్తమము. ఇంట టీవీ ఉన్నచో ఈ ఖర్చే అనవసరము.

ఒక హెచ్చరిక. దొంగప్రతి ఉచితముగా దొరకుట ఆదా కాదు. అది వందలమంది శ్రామికుల కూలిని హరించుట. హాలులో చిత్రమును దొంగచాటుగా రికార్డు చేయుటకు 2023 నాటి సవరణ చట్టము మూడు నెలలకు తక్కువ కాని కారాగారమును, మూడు లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాను విధించుచున్నది. ఇంటివారితో చూచుట వేరు. ఇరుగుపొరుగువారివద్ద డబ్బు తీసికొని చూపుట వేరు. రెండవదానికి హక్కుదారుల అనుమతి కావలెను.

ఇక ఏర్పాటు. చిత్రమును ముందునాడే పిల్లలు, పెద్దలు కలిసి ఎన్నుకొనవలెను; లేనిచో ఎన్నికతోనే రాత్రి గడచిపోవును. చరవాణులు పక్కగదిలో ఉండవలెను. వేయించిన పల్లీలు, మరమరాలు, గుడాలు చాలును. సగములో విరామమిచ్చినచో మెట్లెక్కలేని నాయనమ్మకును, రాత్రి పనికి పోవు తండ్రికిని సౌకర్యము.

పెద్ద తెరపైననే చూడదగిన చిత్రములు కొన్ని ఉండును. వానికి ఏడాదికి రెండుమూడుసార్లు సంతోషముగా వెళ్లుదము. మిగిలిన నెలలలో ఆ సొమ్మును వేరుగా ఒక డబ్బాలో వేసి చూడుడు. వేరుగా దాచని ఆదా మరొక ఖర్చులో కలిసిపోవును. దాచినది పిల్లల పుస్తకములకో, పెద్దల మందులకో అక్కరకు వచ్చును.