తుఫానుకు ముందు రొట్టె

అమెరికాలోని బోస్టన్ నగరంలో మంచుతుఫాను వార్త వినబడగానే జనులు రొట్టె, పాలు కొనుటకు అంగళ్ళకు పరుగెత్తుదురు. ఈ అలవాటుకు 1978 నాటి అనుభవం ఒక కారణమందురు. ఆ యేడు ఫిబ్రవరి 6వ తేదీ వేకువనే మంచు పడునని హెచ్చరిక వచ్చినది. తెల్లవారినా పడలేదు. సూచన తప్పినదని జనులు నిశ్చింతగా పనులకు వెళ్ళినారు. పిమ్మట మొదలైన మంచు మరునాటికి 27 అంగుళాలు పేరుకున్నది. 128వ నెంబరు రహదారిపై 3,000కు పైగా కార్లు చిక్కుబడినవి. వాహనసంచారం కొన్ని దినాలు నిషిద్ధమైనది. పిల్లల మంచుబండ్లను లాగుకొనుచు జనులు కాలినడకన సరుకులు తెచ్చుకొన్నారు.

విద్యుత్తు లేని ఇంట కూడ రొట్టెకు పొయ్యి అక్కరలేదు. కాని ఒక్కరే పది రొట్టెలు మోసుకొనిపోయినచో, పొద్దుపోయి పని ముగించి వచ్చు కూలివానికి ఖాళీ అరలే మిగులును. ముందుచూపు వివేకమే, పొరుగువాని వంతు విడుచుట అంతకు మించిన వివేకం.