ఎర్ర లైటు దగ్గర సైరన్ వినిపిస్తే

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగే పిల్లలకు ఎర్ర సిగ్నల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా ఆగవలసిందే. ప్రమాదస్థలానికి బయలుదేరిన సహాయక రైలుకు మిగతా రైళ్లన్నీ దారి ఇస్తాయి. కానీ ఆ రైలు కూడా తన ఇష్టం వచ్చినట్టు ఎర్ర సిగ్నల్ దాటదు. కంట్రోల్ ఆఫీసు, స్టేషన్ మాస్టర్లు ముందుగానే దాని దారి ఖాళీ చేయిస్తారు.

మరి రోడ్డు మీద అంబులెన్స్ ఎర్ర లైటు ఉన్నా ఎలా వెళ్తుంది?

వేగంగా వచ్చే రైలు బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. అది పక్కకు తప్పుకోలేదు. అంబులెన్స్ అలా కాదు. డ్రైవరు వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, దారి ఉంటేనే ముందుకు పోగలడు. గుండె ఆగిపోయిన మనిషికి నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. లైటు మారేదాకా ఆగితే ఆ నిమిషాలు తిరిగి రావు.

అందుకే 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర వాహనాలకు ఈ వెసులుబాటు ఇచ్చాయి. దానికి షరతులున్నాయి. పని నిజంగా అత్యవసరమై ఉండాలి, సైరన్ మోగాలి, రంగుల దీపాలు వెలగాలి, డ్రైవరు తగిన జాగ్రత్త తీసుకోవాలి. రెండు మూడు ఒకేసారి ఎదురైతే మొదటి దారి ఫైరింజన్‌ది, తర్వాత అంబులెన్స్‌ది, ఆపైన పోలీసు వాహనానిది.

మిగతావాళ్లు పక్కకు జరిగి దారి ఇవ్వాలి. ఇవ్వకపోతే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఎర్ర లైటు దగ్గర మన బండే ముందుంది, వెనక సైరన్ మోగుతోంది. అప్పుడు లైటు దాటి దూసుకుపోవచ్చా? కూడదు. వెసులుబాటు అంబులెన్స్‌కే, మనకు కాదు. అడ్డంగా వచ్చే బండికి మనం తగిలితే మరో అంబులెన్స్ పిలవాల్సి వస్తుంది. చుట్టూ చూసుకుని మెల్లగా పక్కకు ఒదగాలి. పోలీసు ఉంటే ఆయన చెయ్యి చూపినట్టు నడవాలి. అంబులెన్స్ వెళ్లాక దాని వెనకే పరుగెత్తకూడదు. నడిచేవాళ్లు కూడా రోడ్డు దాటకుండా ఆగాలి. ఒకటి వెళ్లిందనగానే కదలవద్దు, వెనక ఇంకొకటి ఉండవచ్చు.

"లోపల ఎవరూ లేరు, ఊరికే సైరన్ వేశాడు" అని కొందరు అంటారు. ఖాళీ అంబులెన్స్ రోగిని తీసుకురావడానికే వెళ్తూ ఉండవచ్చు కదా!

రైల్వే గేటు దగ్గర మాత్రం అంబులెన్స్ అయినా ఆగవలసిందే. సిగ్నల్‌తో ముడిపడిన గేటు ఒకసారి మూసి రైలుకు దారి ఇచ్చాక, రైలు దాటేదాకా తెరవరు. తెరిస్తే ఒక ప్రాణం కోసం వందల ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. అందుకే గేటున్న చోట పైవంతెన, కింది దారి అంత అవసరం.

నాన్నకో అమ్మకో బదిలీ అయితే మన ఊరు మారుతుంది, బడి మారుతుంది, చుట్టూ వినిపించే భాష మారుతుంది. ఈ నిబంధన మాత్రం బిలాస్‌పూర్‌లో ఎలా ఉందో విజయవాడలోనూ అలాగే ఉంటుంది. సాయానికి పిలిచే 112 నంబరూ అంతే. స్కూటరు వెనక కూర్చున్నప్పుడు సైరన్ ముందుగా మీ చెవినే పడవచ్చు. వెంటనే ముందున్నవారికి చెప్పండి.