తుంగతో పోరు

పాతిక సెంట్ల నేలలో ఉల్లినారు నాటిన చిన్నరైతు నీరు పెట్టిన కొలది దినములకే చాళ్ళ నడుమ పచ్చని సూదులవంటి మొలకలను చూచును. వెంటనే కలుపు తీయించును. వారము తిరుగకముందే ఆ సూదులు మరల లేచును. మరల తీయించును, మరల లేచును. మూడవ కలుపు నాటికి చేతిలోని పైకము కూలికే చాలదు. ఉల్లియాకు సన్నని గొట్టమువంటిది. అది నేలపై నీడ పరపజాలదు. నీడలేని చోట తుంగకు అడ్డులేదు. పెట్టిన నీటిని, వేసిన ఎరువును తుంగయే తినివేయగా ఉల్లిగడ్డలు ఉసిరికాయలంతయు ఊరవు. తుంగ పట్టిన నేల యని పేరు పడినచో దానిని కౌలునకు తీసికొనువారును వెనుదీయుదురు.

తుంగ చూపునకు గడ్డివలె నుండును గాని గడ్డి కాదు. దాని పూకాడను రెండు వ్రేళ్ళ నడుమ దొర్లించి చూచినచో భేదము తెలియును. గడ్డికాడ గుండ్రముగా దొర్లును. తుంగకాడకు మూడు పలకలుండుటచే వ్రేళ్ళకు అంచులు తగులును. ఆకులును మూడు వరుసలలో వెడలును. శాస్త్రజ్ఞులు దీనికి సైపరస్ రొటండస్ అని పేరిడిరి. చాపలల్లెడు తుంగ వేరు. అది నీటి యొడ్డులందు నిలువెత్తు పెరుగు దాయాది. చేలను పాడుచేయునది ఈ పొట్టి తుంగయే. 1977వ సంవత్సరమున లీరాయ్ హోల్మ్ మొదలగువారు ప్రపంచమందలి కలుపుమొక్కలను గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, అన్నింటికంటె చెడ్డదానిగా దీనినే మొదట నిలిపిరి.

ఇంత చిన్న మొక్కకు అంత పెద్ద అపకీర్తి యేల వచ్చినది? కారణము నేలపైన లేదు. మొక్కను మట్టితో సహా మెల్లగా త్రవ్వి తీసినచో, మొదట ఉబ్బెత్తుగా చిన్నగడ్డ యొకటి కనబడును. దానినుండి దారమువంటి తీగలు పక్కలకు సాగును. తీగ కొంతదూరము పోయి కొన ఉబ్బి దుంప యగును. ఆ దుంపనుండి మరియొక తీగ, దాని కొనను మరియొక దుంప. ఇట్లు పూసలు గ్రుచ్చినట్లు వరుసలు ఏర్పడును. ఆకులు ఎండలో వండిన ఆహారము పిండిపదార్థమై ఈ దుంపలలో నిలువయగును. ఒక దుంప నెలకు మూడు దుంపలను పెట్టుననియు, అవన్నియు అట్లే పెట్టుననియు అనుకొని లెక్కవేసినచో, ఆరవ నెల ముగియునప్పటికి ఏడువందల ఇరువదితొమ్మిది యగును. చేనిలో అన్నియు బ్రతుకవు గాని, లెక్క పోవు దారి మాత్రమిదియే. కలుపు తీయువాడు ఆకు పీకగానే కాడ మొదట తెగి చేతికి వచ్చును. గాదె లోపల భద్రముగానే యుండును.

ఈ దుంపల వరుసలో నొక చిత్రమున్నది. తీగ తెగకుండ నున్నంతకాలము కొననున్న దుంపయే మొలచును; తక్కినవి చాలవరకు నిద్రించుచుండును. ఉమ్మడి కుటుంబమున పెద్దవాడు పెత్తనము చేయుచుండగా తమ్ములు నోరెత్తకుండునట్లు ఇదియును. నాగలి వచ్చి తీగను తెంచినంతనే కాపురములు వేరుపడును. ప్రతి దుంపయు వేరుకుంపటి పెట్టుకొనును. అదునులో దున్ని చేను శుభ్రమైనదని సంతోషించిన రైతు పదిదినములలో ముందటికంటె నాలుగింతలు మొలకలను చూచుట ఇందువలననే. అతని శ్రమ తుంగకు నారుపోసినట్లయినది.

అట్లని నాగలిని అటకపై పెట్టవలసిన పనిలేదు. తుంగదుంప తడియున్నంతకాలము మొండిది, ఎండిన చచ్చును. దుంపలలో ఎక్కువభాగము అరడుగు లోతులోపలనే యుండును. కావున వేసవిలో, నేలలో తడి యారిన పిమ్మట లోతుగా దున్ని పెడ్డలను తిరుగవేసినచో, తెగిన దుంపలు పైకి వచ్చి ఎండలో మాడును. మొలచుటకు వాటికి తడి దొరకదు. రెండువారములు ఆగి మరల దున్నినచో అడుగున దాగినవి మీదికి వచ్చును. రోహిణీకార్తె లోపల ఇట్లు రెండుమూడు దుక్కులు చేసిన నేలలో దుంపల సంఖ్య చాల తగ్గును. నడుమ వాన పడినచో మాత్రము ఫలము తారుమారగును. ఒకే నాగలి, ఒకే నేల. ఎండలో దున్నిన తుంగకు చావు, తడిలో దున్నిన తుంగకు పంట.

వేసవి దుక్కితో పని ముగియదు. లోతున మిగిలిన దుంపలు తొలకరి పడగానే మొలచును. ఇక్కడ ఓపిక కావలెను. దుంప తన నిలువలోని పిండిని ఖర్చుపెట్టి మొలకను పైకి పంపును. మొలకకు నాలుగైదు ఆకులు వచ్చువరకు అది అప్పుమీద బ్రతుకు సంసారము. ఆ పిమ్మట ఆకులు తాము సంపాదించి క్రిందికి పంప మొదలిడును. కొన్ని వారములలో క్రొత్త దుంపలు కట్టును. కనుక మొలకను ఐదవ ఆకు రాకముందే కోయవలెను. దుంప మరల మొలచును, మరల కోయవలెను. ప్రతిపర్యాయమును నిలువ కొంత తరుగును, మొలక కొంత సన్నగిల్లును. పది పన్నెండు పర్యాయములు తిరిగి మొలవగల దుంపలును కలవు. ఏడవ పర్యాయము విసిగి పదునైదు దినములు మానినచో తుంగ తన అప్పు తీర్చుకొని మరల నిలువ వేసికొనును. చేసిన కోతలన్నియు వ్యర్థమగును. చాలమంది ఓడునది ఇచ్చటనే.

పాఠశాల తోటలో దీనిని పరీక్షింపవచ్చును. రెండు కుండలలో ఒక్కొక్క తుంగదుంపను నాటి, రెండింటికి సమానముగా నీరు పోయుచు, ఒకదాని మొలకను మూడాకులు రాగానే కత్తిరించుచుండవలెను, రెండవదానిని ముట్టరాదు. మూడునెలల పిమ్మట కుండలను బోర్లించి చూచినచో, ముట్టని కుండలో మట్టికి బదులు దుంపలును తీగలును పెనగొనియుండును. కత్తిరించిన కుండలో పాతదుంప మాత్రము ముడుతలు పడియుండును.

ఈ ఉపాయము తుంగకే కాదు. ఇంగ్లండు, స్కాట్లండు దేశములందలి కొండవాలులపై బ్రాకెన్ అను ఫెరన్ జాతి మొక్క పచ్చికబీళ్ళను కప్పివేయును. దానిని మేసిన పశువులకు విషమగును. దాని బలమును నేలలోపల పాకు కాండముననే యున్నది. ఆకులు విప్పుకొని, లోపలి నిలువ తరిగియున్న సమయము చూచి అచ్చటివారు వేసవిలో రెండు పర్యాయములు దానిని కోయుదురు. అట్లు మూడేండ్లైనను కోయనిదే పలుచబడదు.

పాతిక సెంట్లే ఆధారముగా గలవాడు పంట మాని కోతలలో కాలము గడుపుట యెట్లు? ఇది న్యాయమైన ప్రశ్న. నేలనంతయు ఒక్కసారి పట్టి సగము పనిచేయుటకంటె, ఐదు సెంట్ల మడి నొకదానిని పట్టి సాంతముగా చేయుట మేలు. తక్కిన మడులలో నీడనిచ్చు పైరు వేసికొనవచ్చును. తుంగకు ఎండ ప్రాణము. నీడలో అది చిక్కిపోవును, దుంపలును తక్కువగా కట్టును. దట్టముగా చల్లిన జనుము నెలన్నరలో నిలువెత్తు పెరిగి నేలను కప్పును. పూతకు వచ్చినప్పుడు దానిని కలియదున్నిన నేలకు ఎరువును అగును. అలసందయు, పిల్లిపెసరయు కొంతవరకు ఈ పని చేయును. ఉల్లి, వెల్లుల్లి వంటి పలుచని పైరులను తుంగ తగ్గువరకు అట్టి మడులలో వేయకుండుటే మంచిది. బంగాళదుంపయు తగదు, తుంగ మొన నేలలోని గడ్డనే పొడుచుకొని పోవును. పలుచని ప్లాస్టిక్ పట్టాను కప్పినను దానిని తూట్లు పొడిచి పైకి వచ్చును.

కలుపుమందులు కొన్ని ఆకును మాత్రమే మాడ్చును. వాటివలన ప్రయోజనము కొడవలికోతకంటె ఎక్కువ కాదు. గ్లైఫోసేట్ అను మందు ఆకునుండి దుంపకు దిగును. కాని అది తగిలిన పైరును కూడ చంపును. ఆకులేని నిద్రదుంపలు దానికి చిక్కవు. ఆరోగ్యమునకు కలుగు ముప్పును తలచి, లైసెన్సు గల తెగుళ్ళ నివారకులచే తప్ప ఇతరులచే దానిని వాడింపరాదని భారత ప్రభుత్వము 2022వ సంవత్సరమున ఉత్తరువు చేసినది.

తుంగకు మంచిపేరును లేకపోలేదు. దాని దుంపలను తుంగముస్తెలందురు. ఎండించి దంచినచో కమ్మని వాసన యిచ్చును. ఆయుర్వేద వైద్యులు కషాయములలో వాడుదురు. స్నానపు పిండిలోను కలుపుట కలదు. అడవిపందులకు ఇవి ప్రీతియైన ఆహారము. కాళిదాసు శాకుంతలమున వేట మానిన రాజు మాటలలో, అవి మడుగులలో ముస్తెలు త్రవ్వుకొను ప్రస్తావన కలదు. చేనిలో త్రవ్విన దుంపలను మూలికలు కొనువారికి ఇచ్చిన నాలుగు డబ్బులు రావచ్చును గాని, ఆ యాశతో తుంగను పెంచుకొన్నవాడు మాత్రము లేడు.

తుంగ గింజలు మొలచుట అరుదు. దుంపయే ప్రయాణము చేయును: నారుతో వచ్చిన మట్టిలో, నాగలికర్రు నంటిన పెడ్డలో, చేనికి తోలిన చెరువుమట్టిలో. అందుచే తుంగమడిలో దున్నిన నాగలిని శుభ్రపడిన మడిలోనికి దింపుటకు ముందు కడుగవలెను. అన్నింటికంటె మోసము చేయునది గట్టు. చేనంతయు శుభ్రపరచి గట్టును మరచినచో, అచ్చటినుండి తీగలు మరల మడిలోనికి దిగును.

మూడవయేటి తొలకరికి శుభ్రపడిన మడిలో అక్కడక్కడ ఒంటి మొలకలు మాత్రమే కనబడును. వానిని చేతితో పీకరాదు. కాడ తెగి దుంప నిలిచిపోవును. రైతు వాన వెలిసిన ఉదయమున గునపము తీసికొని గట్టువెంబడి మెల్లగా నడచుచు, కనబడిన ప్రతి మొలకచుట్టును జానెడు లోతు త్రవ్వి, తీగ యెటు పోయెనో చూచి, దాని కొనవరకు వెంబడించును. దొరకిన దుంపలను గట్టుమీద పారవేయక గంపలో వేసికొని పోయి, ఇంటిముందరి బండపై ఎండబెట్టును.