మీకు తెలుసా? పైలట్‌కు అరవై దాటితే ఆరు నెలలకో పరీక్ష

పలాస మీదుగా హౌరా–చెన్నై లైన్లో బండి నడిపే డ్రైవరును రైల్వే ఇప్పుడు లోకో పైలట్ అంటుంది. ఆయనకు 45 ఏళ్లు వచ్చేదాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన రిటైరయ్యేదాకా ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. రైల్వే వాళ్లు పీఎంఈ అనేది దీన్నే. రాత్రిపూట దూరాన ఉన్నది ఎర్ర దీపమో పచ్చ దీపమో పోల్చుకోలేని కంటితో బండి నడపనివ్వరు. పరీక్షలో తప్పితే ఉద్యోగమే పోతుందని ఇంట్లోవాళ్లు హడలిపోతుంటారు. కానీ సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతం స్కేలులో వేరే పనికి మార్చాలి అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ చెబుతోంది.

ఇక విమానాల సంగతి. ఇద్దరు పైలట్లుండే ప్రయాణికుల విమానం నడపడానికి వయోపరిమితిని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006లో 60 నుంచి 65కు పెంచింది. అయితే అరవై దాటినవారికి ఏడాదికోసారి చేసే పరీక్ష ఆరు నెలలకోసారి అవుతుంది. మన దేశంలో పైలట్ల ఫిట్‌నెస్ చూసేది డీజీసీఏ. అది ఏ శాఖ కింద ఉందో ఆ పౌర విమానయాన శాఖకు 2024 జూన్ నుంచి మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే.

పైలట్‌కు గుండె, చూపు, వినికిడి చూస్తారని ఎవరైనా ఊహిస్తారు. మూత్ర పరీక్ష కూడా తప్పనిసరి అని అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది. తేడా కనిపిస్తే అదెందుకొచ్చిందో తేల్చాలి. ఒంట్లో ఏ బాధా లేకపోయినా సరే, ఈ పరీక్ష తప్పదు. ఎందుకంటే కిడ్నీ పాడవుతున్నా నొప్పి పెట్టదు.

ఆ మాట కిడ్నీ జబ్బు పీడిస్తున్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు! కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో ఎంతోమంది కాళ్లు వాచి, అన్నం సహించక ఆసుపత్రికి వెళ్లేసరికే జబ్బు డయాలసిస్ దాకా వచ్చేసి ఉంటుంది. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఉద్దానంలో వచ్చే తరహా కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ చాలాసార్లు పెద్దగా కనిపించదు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. అదైనా కిడ్నీల సత్తువ సగానికి సగం తగ్గాక గానీ పెరగకపోవచ్చు. అందుకే ఒక్కసారి చూపించుకుని వదిలేస్తే చాలదు. ఏటా చూపించుకుని, నిరుటి అంకె పక్కన ఈ ఏటిది పెట్టి పోల్చుకోవాలి.

విమానం నడిపేవారికి నిబంధన ప్రకారం దక్కుతున్న ఈ జాగ్రత్త జీడితోటలో ఎండలో పనిచేసే మనిషికీ హక్కుగా దక్కాలన్నది నా గట్టి కోరిక. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. ఒంట్లో బాగున్నప్పుడే వెళ్లి, సీరం క్రియాటినిన్ పరీక్ష అడిగి మరీ రాయించుకోండి. పాత రిపోర్టు పారేయకండి.