రాయించుకోవడమూ ఒక విద్యే

ఉత్తరాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు మన లైబ్రరీలో నాలుగైదు ఉన్నాయి. ఉత్తరం ఎలా రాయించుకోవాలో చెప్పే పుస్తకం మాత్రం నాకు కనబడలేదు. కంపెనీకి ఫిర్యాదు, బ్యాంకుకు జవాబు, అధికారికి అర్జీ, ఇలాంటివి డబ్బిచ్చి మరొకరిచేత రాయించుకునేవాళ్లు మన చుట్టూ ఎంతమందో ఉన్నారు. మా నాన్న వారిలో ఒకరు. బి.ఎస్సీ. చదివేవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. మొన్న సార్వాలో మా ఇంట్లో జరిగింది చెబితే తెలుస్తుంది.

మూడెకరాల్లో వరి వేశాం. టౌనులో షాపులో మూడు బస్తాల కంపెనీ విత్తనం కొన్నాం. నాట్లు సకాలంలో పడ్డాయి, పిలకలు బాగా వచ్చాయి. తీరా చేను పొట్టమీదికి వచ్చేసరికి అక్కడక్కడ కొన్ని దుబ్బులు ముందే ఈనేశాయి. తక్కిన చేనుకన్నా జానెడు ఎత్తు. కేళీలన్నమాట. ఏ చేలోనైనా కాసిని కేళీలు ఉంటాయి, ఏరి పారేస్తాం. ఇవి ఏరితే తరిగేవి కావు. ఒక దుబ్బు పండుతుంటే పక్క దుబ్బు ఇంకా పాలు పోసుకుంటోంది. కోత ఎప్పుడు కొయ్యాలి?

షాపువాడు “కంపెనీకి రాసుకోండి” అని చేతులు దులుపుకున్నాడు. మండలాఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసే ఆయన దగ్గరికి నాన్న వెళ్లారు. ఆయన అడిగినవి రెండే: పేరు, ఊరు. పావుగంటలో కాగితం తయారు, నూటయాభై రూపాయలు పుచ్చుకున్నాడు. ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ‘మహారాజశ్రీ’ ఉంది, ‘చేతులు జోడించి’ ఉంది, ‘పిల్లలు గలవాడను’ ఉంది. ‘దయార్ద్ర హృదయం’ అయితే రెండుసార్లు ఉంది. ఏ రకం విత్తనం, ఎప్పుడు కొన్నాం, ఎన్ని ఎకరాలు వేశాం, అసలు మాకేం కావాలి, ఇవి మాత్రం లేవు. చదివితే నాకే కళ్లనీళ్లు తిరిగాయి గనుక మంచి ఉత్తరమే అనుకుని నేనే పోస్టులో వేశాను. పద్దెనిమిది రోజులు గడిచాయి. జవాబు లేదు.

ఆ పద్దెనిమిది రోజులూ ఎంత ఖరీదైనవో తరువాత తెలిసింది. కేళీలకు సాక్ష్యం నిలబడివున్న చేను ఒక్కటే. కోసి నూర్చేశాక చూపించడానికి ఏమీ మిగలదు.

అప్పుడు మా మావయ్య ఇంకొకాయన సంగతి చెప్పాడు. ఆయన సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంటి అరుగుమీదే కూర్చుని చిన్న చిన్న వ్యాపారులకు ఉత్తరాలు, నోటీసులకు జవాబులు రాసిపెడతారు. నాన్నతో ఈసారి నేనూ వెళ్లాను. సంగతంతా విన్నారు గాని ఆయన కలం తియ్యలేదు.

“బస్తా ఉందాండీ?” అన్నారు.

“బస్తాతో ఏం పనండీ?” అన్నారు నాన్న.

“బస్తాకి కుట్టిన చీటీ ఉంటుంది కదా, అది కావాలి. షాపు బిల్లు కూడా.”

ఇంటికొచ్చి గొడ్లపాకంతా వెతికాం. రెండు బస్తాల్లో తవుడు పోసేశారు, చీటీలు ఎప్పుడో పోయాయి. మూడోది అటకమీద దొరికింది, చీటీతో సహా. 1966 నాటి విత్తన చట్టం, 1968 నాటి నిబంధనల ప్రకారం ఆ చీటీమీద రకం పేరు, లాటు నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ వగైరా ఉంటాయి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ. కంపెనీ తన పూచీమీద అమ్మేదానికి ఆకుపచ్చ చీటీ. మాది ఆకుపచ్చ. లాటు నంబరు ఉంటే ఆ విత్తనం ఎక్కడ పండిందో, ఇంకా ఎవరెవరికి వెళ్లిందో కంపెనీవాళ్లు తమ పుస్తకాల్లో చూసుకోగలరు. ఆ నంబరు లేని మా మొదటి ఉత్తరం వాళ్లకు ఊరూ పేరూ లేని ఏడుపు!

మర్నాడు మళ్లీ వెళ్తే గంటసేపు ప్రశ్నలే. నారు ఎప్పుడు పోశారు? నాట్లు ఏ తేదీ? పక్క రైతు ఏ విత్తనం వేశాడు, అతని చేను ఎలా ఉంది? అంతకుముందు దాళ్వాలో ఆ మడిలో ఏం వేశారు? (రాలిన పాతగింజ మొలిచిందని కంపెనీ అనవచ్చునట.) చివరకు నావైపు తిరిగి “నువ్వు సైన్సు కదా బాబూ, కేళీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకురా” అన్నారు. బాగా చెడినచోటే కాకుండా చేను నాలుగు మూలలా, నడిమధ్యనా ఒక్కొక్క చదరపు మీటరు కొలిచి లెక్కవేశాను. సగటున 33 దుబ్బుల్లో 7 కేళీలు. ప్రాక్టికల్ రికార్డులో రెండేళ్లుగా అంకెలు నింపుతున్నాను గాని, అంకెకు అంత బరువుంటుందని నాకు తెలిసింది ఆ రోజే.

అక్కడే ఒక చిన్న పేచీ వచ్చింది. “అయిదెకరాలని రాయండి, సగమన్నా ఇస్తారు” అన్నారు నాన్న. ఆయన కలం కింద పెట్టేశారు. “అడంగల్లో మూడే ఉంటుంది. ఆ ఒక్క అంకె పట్టుకుని తక్కినవన్నీ కూడా అబద్ధమేనంటారు. అలా అయితే నేను రాయనండీ.” నాన్నకు కోపం వచ్చింది. డబ్బిచ్చేది మనం, రాయననడానికి ఆయనెవరని దారిపొడుగునా సణిగారు. మళ్లీ ఆ సాయంత్రమే మూడెకరాలకే ఒప్పుకుని వెళ్లారు.

ఉత్తరం ఒక్క పేజీయే. ఏం కొన్నాం, ఎప్పుడు, ఏ లాటు. ఏం జరిగింది, ఎంత మేరకు. ఏం కావాలి: వారం లోపల మనిషిని పంపి, వ్యవసాయాధికారి సమక్షంలో చేను చూడాలి, నష్టం కట్టివ్వాలి. ఒక్క దయార్ద్ర హృదయం కూడా లేదు. సాపు రాశాక రెండుసార్లు పైకి చదివి, అందులో ఏముందో నాన్నచేత తిరిగి చెప్పించుకుని అప్పుడు సంతకం పెట్టమన్నారు. నకళ్లు వ్యవసాయాధికారికొకటి, షాపుకొకటి. రిజిస్టరు పోస్టు 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయింది కనుక స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకున్నాం. ఆయన ఫీజు అయిదు వందలు. మొదటాయన పుచ్చుకున్నదానికి మూడింతలకు పైనే. కాని మొదటాయనకిచ్చింది కాగితానికి, ఈయనకిచ్చింది ప్రశ్నలకు.

ఈ సంగతి మా తెలుగు మాస్టారితో అంటే ఆయన అర్థశాస్త్రం తీశారు. రెండో అధికరణంలో రాజశాసనాలు రాసే లేఖకుడి గురించి ఒక అధ్యాయమే ఉందట. మంచి లేఖకు ఆరు గుణాలు: అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం. మాధుర్యం నాలుగోదని, పరిపూర్ణత దానికంటే ముందుందని నేను గమనించాను. మా తాతగారి కాలంలో ఊరికి లేఖకుడు కరణంగారే. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. కరణంగారికి ఊళ్లో ప్రతి చెక్కా తెలుసు, అడగనక్కర్లేదు. ఇప్పటి రైటరుకు మన చేను తెలియదు. ఆయన అడగాలి, లేదా మనమే చెప్పాలి.

ఇవాళ ఫోనే రాసిపెడుతుంది గదా అంటారు. నా రూమ్మేటు సరదాకి మా సంగతి రెండు ముక్కల్లో ఫోనుకు చెప్పి రాయించాడు. భాష నాకన్నా బాగుంది. లాటు నంబరు, తేదీ, విస్తీర్ణం రావలసినచోట మాత్రం ఖాళీ గీతలు పెట్టింది. ఆ గీతలు నింపాలంటే అటక ఎక్కక తప్పదు.

పూర్వవిద్యార్థుల్లో వ్యాపారాలు చేసేవారున్నారు గనుక ఒక మాట. కరపత్రమో, వార్షిక నివేదికో, సరుకు గురించిన వివరణో బయటి రచయితచేత రాయించుకుంటే, డబ్బిచ్చాం కాబట్టి రాత మనదే అనుకోకండి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది హక్కు. విడిగా ఫీజుకు రాసినవారి విషయంలో మామూలుగా హక్కు రాసినవారిదే. అది మనకు రావాలంటే రాతపూర్వకంగా బదలాయించుకోవాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లనే లెక్క. ఎన్నిసార్లు దిద్దిపెట్టాలో, ఎప్పటికివ్వాలో కూడా ముందే అనుకుంటే పేచీ ఉండదు.

రాయించుకోనక్కర్లేని చోట్లూ ఉన్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, రాయలేనివారు నోటితో అడిగితే దాన్ని రాతలో పెట్టడానికి సాయపడవలసింది అక్కడి సమాచార అధికారే. పోలీసు స్టేషనులో నోటితో చెప్పిన ఫిర్యాదును, అది వాళ్లు కేసు పెట్టదగిన నేరమైతే, రాసుకుని చదివి వినిపించాలని 2024 జూలై నుంచి అమల్లోవున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను చెబుతోంది. నకలు ఉచితం. ఇది తెలియక స్టేషను బయట డబ్బిచ్చి రాయించుకునేవాళ్లను చూశాను.

విత్తనాల విషయంలో ఇంకొకటి కూడా అరుగుమీదే తెలిసింది. 2012లో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లోనే తీర్పు చెప్పిందట: విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు. పరీక్షకు విత్తనం మిగల్చలేదేమని రైతును నిలదీయడం కూడా కుదరదు. కొన్నదంతా చల్లేవాడు నమూనా ఎక్కణ్ణుంచి తెస్తాడు? సెలవుల్లో ఆ తీర్పు వెతికి చదివాను, నిజమే.

మా ఉత్తరానికి ఆరో రోజున ఫోను వచ్చింది. తొమ్మిదో రోజున కంపెనీ మనిషి, వ్యవసాయాధికారి కలిసి చేలోకి దిగారు. తామే చోటు ఎంచుకుని లెక్కపెట్టారు. 33లో 8 వచ్చాయి. కోత నాలుగు రోజులు ఆపి, తరువాత కోశాం. విత్తనం ఖరీదు మాత్రం ఇస్తామని కంపెనీ రాసింది. నాన్న ఒప్పుకోలేదు. కిందటి ఆదివారం మళ్లీ ఆ అరుగు ఎక్కాం. ఆయన వ్యవసాయాధికారి రిపోర్టు నకలు చూసి, “కాటా చీటీ తెచ్చారా? నిరుడు ఇదే మడిలో ఎన్ని బస్తాలు అయ్యాయి?” అని మొదలుపెట్టారు. నాన్న జేబులోంచి రెండు చీటీలూ తీసి బల్లమీద పెట్టారు.