తాగి గొడవ చేస్తున్నారా? 112కు చెప్పండి

కేజీఎఫ్: రాత్రి పది దాటాక వీధి మొగలో తాగినోళ్ల కేకలు. ‘మనకెందుకులే, పొద్దున లేస్తే వాళ్ల మొహాలే చూడాలి’ అని తలుపేసుకునేవారే ఎక్కువ. ఏ పోలీసులకు చెప్పాలన్నదీ సందేహమే. కోలారు ఒకటే జిల్లా అయినా ఎస్పీలు ఇద్దరు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట కేజీఎఫ్ ఎస్పీ పరిధిలోవి. ముళబాగిలు కోలారు ఎస్పీ కిందకు వస్తుంది.

ఈ లెక్కలు తెలియకపోయినా 112కు ఫోన్ చేస్తే చాలు. చోటు ఎక్కడ, ఎంతమంది, చేతుల్లో ఆయుధాలున్నాయా అన్నవి ముందు చెప్పాలి. ఎదురెళ్లి వాదనకు దిగొద్దు.

తాగి బహిరంగంగా అల్లరి చేస్తే పాత చట్టంలో జరిమానా పది రూపాయలే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 355వ సెక్షన్ దాన్ని వెయ్యి దాకా పెంచింది. 24 గంటల వరకు జైలు గానీ, సమాజ సేవ గానీ వేయొచ్చు. శిక్ష చిన్నదే. అయినా మాటల గొడవ కత్తుల దాకా పోకముందే పోలీసులు రావాలంటే ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే.